గడపకు నేరుగా

“తుడిచెయ్” అంది హంపమ్మ.

సుంకులమ్మ పిండి చిప్ప చేత్తో పట్టుకుని వంగిన మనిషి వంగినట్టే చూసింది. ముగ్గు చివరి మెలిక అప్పుడే కలిసింది. ఎక్కడా చుక్క తప్పలేదు, గీత తెగలేదు.

“ఏమైంది అత్తా? బాగనే ఉండాది గదా?”

“నీ కండ్లకు బాగనే ఉంటాది. ఈడికొచ్చి నిలబడి చూడు.”

కోడలు గడప దగ్గరికి వచ్చి చూసింది. నిజమే. ముగ్గు మొత్తం ఒక పక్కకు తిరిగిపోయి ఉంది. తప్పు చేతిది కాదు, బండలది. కర్నూలు రాజధాని అయ్యాక బేతంచెర్ల బండలకు గిరాకీ పెరిగింది. మనమేం తక్కువని హంపమ్మ కొడుకు శివన్న కూడా ఇంటి ముందర బండలు దించుకున్నాడు. మేస్త్రీ ఎందుకు దండగ అని తానే పరిచాడు. గడపకు నేరుగా పరచాల్సినవాడు వీధికి నేరుగా పరిచాడు. ఆయనగారి భార్య ఆ బండల సందుల వెంబడే చుక్కలు పెట్టింది.

“బండల గీత పట్టుకోని పెట్టినా అత్తా.”

“బండలకెందుకే ముగ్గు? గడపకు గదా! గడప గీత పట్టుకోని పెట్టల్ల చుక్కలు.”

మామూలు రోజైతే సుంకులమ్మ మారు మాట్లాడేది కాదు. కానీ నిన్న పుట్టింటి నుంచి కబురు వచ్చింది. నాయిన మంచం పట్టాడు, ఒక్కసారి బిడ్డను చూడాలని కలవరిస్తున్నాడు, తెల్లారే బండి పంపుతాం అని. రాత్రే మూట కట్టి పెట్టుకుంది.

“ఈ పొద్దుకు ఇట్లే ఉండనీ అత్తా. బండి వచ్చే యాళయింది.”

“అందుకే చెప్తాండా. మీ ఊరోళ్లు వచ్చే పొద్దు నా ఇంటి ముందర ముగ్గు వంకరగా ఉంటే, పోయి మీ యమ్మకు చెప్పరా? అత్త ఏం నేర్పిందని అనుకోరా?”

హంపమ్మ చెడ్డ మనిషి కాదు. ఆ వీధిలో ఆమె ముగ్గుకు వంక పెట్టినవాళ్లు లేరు, ఆమెకున్న గొప్ప అదొక్కటే. కోడలు తుడిచేదాకా ఆగలేక తానే బిందె ఎత్తి గుమ్మరించింది. అది చాలక ఇంకో బిందె తెచ్చి పోసింది. ముగ్గంతా తెల్లగా కారి కాలవలో కలిసింది.

సుంకులమ్మ మళ్లీ పిండి తీసుకోబోయింది.

“తడి బండ మీద పిండి నిలవదు. ఆరనీ. అంతలోకి బావికి పోయి నీళ్లు తెచ్చుకుందాం పా.”

“బోడి వాకిలి పెట్టి యట్ల పోయేది అత్తా?”

“రోంత సేపే గదమ్మా. ఎవరు చూడొచ్చినారు?”

విత్తనాల కాలం. వీధిలో అందరూ చేలకు పోయారు, శివన్న కూడా. అత్తాకోడళ్లు తలుపు మూసి, గొళ్లెం పెట్టి బావికి నడిచారు.

తిరిగి వచ్చేసరికి బండలు ఆరాయి. ఈసారి హంపమ్మ గడప పొడవునా దారం లాగి పట్టుకుంది. కోడలు ఆ దారం వెంబడి చుక్కలు పెట్టింది. ముగ్గు గడపకు నేరుగా, చూపు తిప్పుకోలేనంత బాగా వచ్చింది.

“ఇప్పుడు రమ్మను మీ ఊరోళ్లను” అంది హంపమ్మ.

బండి రాలేదు.

పొద్దు నడినెత్తికి వచ్చింది. సుంకులమ్మ మూట పక్కన పెట్టుకుని అరుగు మీదే కూర్చుంది. ముద్ద ముట్టలేదు. హంపమ్మకు మనసు కలుక్కుమంది. నాయిన కోసం అల్లాడుతున్న పిల్లను పొద్దున్నే ముగ్గు దగ్గర సతాయించకుండా ఉండాల్సింది అనిపించింది.

“బండి రాలేదంటే మీ నాయిన లేచి కూర్చున్నట్టేలేమ్మా. బాగలేకుంటే రాకుండా ఉంటారా?”

“అంతేనంటావా అత్తా?”

“అంతే. అయినా శివన్న చేను నుంచి వస్తానే ఇద్దరూ నడిచి పొండి. నేనేం అడ్డం చెప్ప.”

సుంకులమ్మ మొహం తేటపడింది. లేచి రోంత సంగటి తినింది.

దీపాలు పెట్టే వేళకు సందు మొగన కంబన్న కనిపించాడు. సుంకులమ్మ పుట్టింట్లో బండి తోలేది అతనే. ఆమె మూట చంకన పెట్టుకుని అరుగు దిగింది.

“ఏమప్పా, తెల్లారే వస్తామని చెప్పి ఇప్పుడా వచ్చేది?” హంపమ్మ నవ్వుతూనే దులిపింది.

కంబన్న సుంకులమ్మను చూశాడు. హంపమ్మను చూశాడు. అప్పుడే చేను నుంచి వచ్చి కాళ్లు కడుక్కుంటున్న శివన్నను చూశాడు. తర్వాత ముగ్గును చాలాసేపు చూశాడు.

“ఇంట్లో అందరూ బాగుండారా అమ్మా?”

“మాకేమప్పా, బాగనే ఉండాం.”

“ఈ ముగ్గు ఎప్పుడేసినారు?”

“పొద్దున్నే. ఏం, బాగలేదా?”

కంబన్న తలగుడ్డ తీసి మొహానికి అడ్డం పెట్టుకున్నాడు.

“పొద్దున వచ్చినా తల్లీ. ఈ సందు మొగన్నే నిలబడితి. తలుపు ఏసుండాది. ముందరంతా నీళ్లు కొట్టి ఉండాది, ముగ్గు లేదు. పీనుగను ఎత్తుకపోయి ఇల్లు కడిగినారు అనుకొంటి. అడుగుదామంటే వీధిలో మనిషి లేకపాయె. మైలింట్లో కాలు పెట్టి, మళ్ల రోగిష్టి మనిషి కాడికి యట్ల పోయేదని ఆడ్నించే బండి తిప్పితి.”

హంపమ్మ ఒక అడుగు ముందుకేసింది. కాళ్ల కింద ముగ్గు చెదిరిందని కూడా ఆమె చూసుకోలేదు.

“నాయినకు ఎట్లుండాది కంబన్నా?” అంది సుంకులమ్మ.

“మీ ఇంట్లో ఎవరో పోయినారని మీ నాయినతో అంటి తల్లీ. ఎవరని అడిగినాడు, తెలీదంటి. ‘నా బిడ్డే పోయింటాది, దాని కాడికే పోతాండా’ అని కండ్లు మూసినాడు.”