కోడలి కీళ్ళు

“ఇంకా ఎంతసేపమ్మా?” అత్తగారు మళ్ళీ కౌంటరు దగ్గర ప్రత్యక్షమైంది.

“మీ ముందు ఒక్కరే ఉన్నారండీ. కాస్త కూర్చోండి,” అంది చీటీలు రాసే అమ్మాయి, విసుగు దాచుకుంటూ.

ఆ కూర్చోవడమే అత్తగారి వల్ల కావడం లేదు. ఈ కుర్చీలో కాసేపు, ఆ కుర్చీలో కాసేపు. కాలు మడిచి ఒకసారి, చాపి ఒకసారి. ఆపైన లేచి కాలుగాలిన పిల్లిలా తిరగడం. కోడలు మాత్రం నిమ్మకు నీరెత్తినట్టు కూర్చుని గోడమీది ఎముకల బొమ్మలు చూస్తోంది.

“అత్తయ్యా, నిజంగా నాకేం నొప్పి లేదు. ఇంటికి పోదాం పదండి.”

“లేదని నువ్వంటే సరిపోతుందా? నొప్పి ఉందని మా ఇంట్లో మాత్రం ఎవరన్నారు గనక!” అంటూ అత్తగారు చేతిసంచి భుజం మార్చుకోబోయింది. భుజం లోపలెక్కడో టక్కుమంది. అలవాటుగా చెయ్యి గుండ్రంగా తిప్పి సర్దుకుని, మళ్ళీ నడక మొదలుపెట్టింది.

ఆవిడ బాధ ఆవిడది. కుట్టుపనిలో ఎందరి కొలతలో తీసిన కళ్ళు, మనిషిలో తేడా ఉంటే ఇట్టే పసిగడతాయి. కోడలు కాపురానికొచ్చిన కొత్తలోనే కుట్టు నేర్పబోతే, ఆ పిల్ల వేళ్ళు చెప్పినమాట వినలేదు. తర్వాత మోచేతులు చూసింది, మోకాళ్ళు చూసింది. అవీ అంతే. అయినా ఇదీ సంగతని పిల్లతో అనలేదు. పరాయింటి నుంచి వచ్చింది, నొచ్చుకుంటుందని. ఇప్పుడు ఆ పిల్లకి నెల తప్పింది. ఈ కీళ్ళతో పురుడెలా పోసుకుంటుంది? పుట్టే బిడ్డకీ ఇదే వస్తే? ఆవిడకి కంటిమీద కునుకు లేదు. తుంటి కింద ఒక దిండు, భుజం కింద ఒక దిండు పెట్టుకుని తెల్లార్లూ దొర్లడమే.

చూసిన డాక్టర్లందరిదీ ఒకటే పాట. “అమ్మాయి శుభ్రంగా ఉంది, మీరే ఊరికే కంగారు పడుతున్నారు.” ఆవిడ చెప్పబోయేది ఒక్కరూ చెవిన పెట్టలేదు. చివరికి బట్టలు కుట్టించుకునే ఒకావిడ చెప్పింది, కీళ్ళ కదలికల్లో తేడాలే ప్రత్యేకంగా చూసే డాక్టరమ్మ ఈ ఆసుపత్రికి నెలకోసారి వస్తుందని. ఎన్ని ఫోన్లు చేస్తేనో వంతు దొరికింది. నిజానికి కొడుకే తీసుకురావాలి. నిన్న మెట్లు దిగుతూ మళ్ళీ చీలమండ బెణికించుకుని మంచమెక్కాడు. వాడికది మామూలే.

లోపలికి పిలుపొచ్చింది.

డాక్టరమ్మ కోడల్ని తన పక్కనున్న కుర్చీలో కూర్చోబెట్టుకుంది. వేళ్ళు, మోచేతులు, మోకాళ్ళు ఓపిగ్గా కదిపి చూసింది. అత్తగారు బల్ల అంచు పట్టుకుని నిలబడే ఉంది.

“అన్నీ బాగానే ఉన్నాయండీ. ఇంతకీ మీకు దేనిమీద అనుమానం?”

ఇన్నాళ్ళలో ఆ మాట ఎవరూ అడగలేదు. అత్తగారికి కళ్ళనీళ్ళు తిరిగాయి.

“బాగుండటమేమిటండీ! ఆ బొటనవేలు చూడండి, ఎంత వంచినా ముంజేతికి ఆనదు. చెయ్యి చాపితే మోచెయ్యి కర్రలా అక్కడే ఆగిపోతుంది. ఎలా బిగుసుకుపోయాయో పాపం! మా ఇంట్లో అందరికీ ఇదిగో, ఇలా వస్తుంది,” అంటూ తన బొటనవేలు అవలీలగా ముంజేతికి ఆనించింది. చెయ్యి చాపింది, మోచెయ్యి వెనక్కి విల్లులా వంగింది. “మా అబ్బాయికైతే చెప్పనక్కర్లేదు, ఎటు కావాలంటే అటు తిరుగుతాయి.”

కోడలు తెల్లబోయి తన బొటనవేలికేసి చూసుకుంది. డాక్టరమ్మ లేచి వచ్చి అత్తగారి చెయ్యి పట్టుకుని, మెల్లగా మామూలు స్థితికి తెచ్చింది.

“రాత్రిళ్ళు నిద్ర పడుతోందా?”

“ఎక్కడమ్మా! ఈ పిల్ల దిగులే. నా సంగతి వదిలెయ్యండి. దీనికి వైద్యం ఉందా లేదా, ఆ ఒక్కమాట చెప్పండి.”

“ఉంది. భయపడకండి,” అంటూ డాక్టరమ్మ బల్లమీది చీటీ తీసుకుని, దానిమీదున్న కోడలి పేరు కొట్టేసింది.

“అమ్మాయి లేస్తుంది, ఆ కుర్చీలో మీరు కూర్చోండి.”