వంతెన దగ్గర నీలం పీపా

వంతెన ఎక్కబోతున్న ట్రక్కుకు ఒక ముసలాయన అడ్డం వచ్చి చెయ్యెత్తాడు.

గ్లెన్ బ్రేకు తొక్కాడు. పక్క సీట్లో ఉన్న థియా ముందుకు తూలింది.

ముసలాయన వేసుకున్న నారింజ రంగు వేట కోటు వెలిసిపోయి ఉంది. రోడ్డు పక్కన మూత ఉన్న నీలం పీపా, ఒక మడత బల్ల, దాని మీద కత్తులు.

"వెనకున్న జింక ఎవరు కొట్టారు?"

"మా అమ్మాయి. పద్నాలుగేళ్లు. మొదటి వేట," అన్నాడు గ్లెన్, గర్వంగా.

"శభాష్ అమ్మాయ్! కొమ్ములకు ఎన్ని మొనలు?"

"ఎనిమిది," అంది థియా. ఆమె గొంతు ఆమెకే సరిగా వినపడలేదు.

"మంచి జింక. కానీ దీన్ని ఇలాగే నది దాటించకండి. ఇటువైపు జింకలకు చిక్కి శల్యమై చచ్చే రోగం ఉంది. మీవైపు ఇంకా లేదు. మాంసం ఒలిచిస్తాను, కొమ్ములు శుభ్రం చేసిస్తాను. రోగం ఎక్కువగా ఉండేది తల, వెన్నెముకలోనే, వాటిని మాత్రం ఈ పీపాలో వెయ్యండి."

"ఎంతసేపు?"

"ఒక గంట."

గ్లెన్ నవ్వాడు. "గంటలో ఆట సగం అయిపోతుంది పెద్దాయనా. మా ఇంట్లో అందరూ టీవీ ముందు కూర్చుని ఉంటారు."

"నిబంధన అదిగో, బోర్డు మీదే ఉంది."

"బోర్డు మీద చాలా ఉంటాయి. నువ్వేమన్నా ప్రభుత్వం మనిషివా? బ్యాడ్జీ చూపించు."

"కాదు."

"మరి నీకెందుకయ్యా? మా అమ్మాయి కొట్టిన జింక తల లేకపోతే నీ పీపా నిండదా? ఒంటి మీద కొవ్వు చూడు. దీనికి రోగమా!"

"రెండేళ్ల దాకా పైకి ఏమీ తెలీదు బాబూ. ఎముకలు పడ్డ చోట మట్టికి కూడా పట్టుకుంటుంది. ఇక వదలదు."

గ్లెన్ గేరు మార్చాడు.

ముసలాయన థియా వైపు కిటికీ దగ్గరికి వచ్చాడు.

"నువ్వైనా చెప్పమ్మా. నీ జింక కదా."

చెప్పాలనే అనిపించింది థియాకు. కానీ తండ్రి వైపు చూసి, చేతి తొడుగు వేళ్లు లాక్కుంటూ కూర్చుంది.

ట్రక్కు వంతెన దాటింది.

జింక తల కొమ్ములతో సహా ఇంట్లో గోడెక్కింది. వెన్నెముకను ఇంటి వెనక లోయలో పడేశారు. తాతల నాటి నుంచీ అందరూ పడేసేది అక్కడే.

మూడో ఏడు శరదృతువులో ఒక ఆడ జింక ఆ లోయ గట్టున కనిపించింది. పక్కటెముకలు లెక్కపెట్టొచ్చు. నోటి నుంచి చొంగ కారుతోంది.

థియా పదడుగుల దగ్గరికి వెళ్లినా పారిపోలేదు.

"పో," అంది థియా. "పో, పరుగెత్తు!"

అది ఆమె వైపే చూస్తోంది. కానీ ఆమె కనిపిస్తున్నట్టు లేదు.

గ్లెన్ దాన్ని కాల్చి, తలను పరీక్షకు పంపాడు. మూడు వారాలకు అడవి శాఖ అధికారి ఒకామె ఇంటికి వచ్చింది.

"ఆ రోగమే. నదికి ఇవతల ఇదే మొదటిది," అంది.

"మందు?"

"లేదు."

"ఉన్నవాటిని కాల్చేస్తే?"

"మట్టిని కాల్చలేం కదా గ్లెన్."

చలికాలమంతా జింక మాంసం మీదే గడిచే ఇల్లు అది. గ్లెన్ మెట్ల మీద కూర్చుని, లేవడం మరిచిపోయాడు.

మరునాడు థియా ఒక్కతే వంతెన దాటి వెళ్లింది. ముసలాయన లేడు. పీపా ఉన్న చోట గడ్డిలో గుండ్రటి మచ్చ ఉంది.

పక్కనే తూటాలు, గాలాలు అమ్మే కొట్టు. లోపల లోర్నా అనే ఆవిడ కాఫీ కాస్తోంది. పీపా దగ్గర నిలబడే ముసలాయన ఏడని థియా అడిగింది.

"ఎమిలా? మార్చిలో చనిపోయాడమ్మా. నీకు చుట్టమా?"

"కాదు. ఒకమాట... చెప్పాలని వచ్చాను. ఆయన అడవి శాఖలో చేసేవారా?"

"ఎమిలా!" లోర్నా నవ్వింది. "జన్మంతా పాలు పితికాడు."

"మరి ఏటా అక్కడెందుకు నిలబడేవారు?"

లోర్నా వెనక్కి తిరిగింది. కొట్టు గోడంతా వేటగాళ్ల ఫొటోలే. అట్టడుగున ఉన్నదొకటి ఊడదీసి బల్ల మీద పెట్టింది.

నల్లటి జుట్టుతో ఎమిల్. పక్కన సిగ్గుపడుతూ ఒక పిల్ల, జింక కొమ్ములు పట్టుకుని.

"వాళ్లమ్మాయి మొదటి వేట. దక్షిణాన ఎక్కడో కొట్టింది. అప్పటికి మావైపు రోగం లేదు," అంది లోర్నా. "ఆ జింక వెన్నెముకను ఎమిల్ తన ఇంటి వెనక లోయలో పడేశాడు. మావైపు మొట్టమొదటి రోగపు జింక దొరికింది ఆ లోయలోనే."