కుంటలో కొర్రమీను

"కదిలావంటే కాళ్ళు విరగ్గొడతా! ఎవడివయ్యా నువ్వు?"

కాపలాదారు చిన్నరాయప్ప కర్ర ఎత్తి మామిడిచెట్ల మధ్య నుంచి దూసుకొచ్చాడు. కుంట గట్టు మీద గాలం చుట్టుకుంటున్న నారాయణరావు తేలు కుట్టిన దొంగలా నిలబడిపోయాడు. చేతిసంచిలో కొర్రమీను టపటపా కొట్టుకుంటోంది.

"కాయ ముట్టుకోలేదు బాబూ, ఒట్టు. ఒక్క చేప కోసం వచ్చాను."

చిన్నరాయప్ప సంచి లాక్కుని అడుగుదాకా తడిమాడు. నిజంగానే ఒక్క మామిడికాయ లేదు. అయినా కర్ర దించలేదు.

"చేప కావాలంటే బజారుకెళ్ళాలి గానీ, కంచె దూరి వస్తావా?"

"మా ఆవిడకి టైఫాయిడ్ తగ్గి వారమైంది. ముద్ద దిగటం లేదు. కొర్రమీను పులుసైతే తింటానంది. హనుమాన్ జంక్షన్‌లో చూస్తే అన్నీ పెంపకం చేపలే. చాట్రాయి చెరువు చూశాను, చింతలపూడి దాకా వెళ్ళి వాగులన్నీ చూశాను. ఎక్కడా మోకాలి లోతు నీళ్ళు లేవు."

అందులో అబద్ధం లేదు. నాలుగు రోజులుగా పాపం కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నాడు. ఎంత ఎండల్లోనూ ఈ కుంట ఎండదనీ, దీని బురదలో కొర్రమీను ఉంటుందనీ మొదటినుంచీ తెలుసు. తెలిసీ ఇటు రాలేదు. భార్య పుష్పవతి నిన్న గంజి కూడా వద్దనేసరికి మనసు ఆగక, ఈ పొద్దున కంచె కింద నుంచి దూరాడు.

"పూత మీదే కాపంతా కొనేసిన తోటయ్యా ఇది," అన్నాడు చిన్నరాయప్ప. "కాయంతా దిగేదాకా తోట ఆసామి కూడా అడుగు పెట్టకూడదు. పెట్టాడంటే అమ్మిన కాయ దొంగిలించినట్టే. పదిమందిలో నిలబెట్టి కడిగేస్తారు. ఆయనకే లేనిది నీకుంటుందా?"

"తెలుసు బాబూ. ఈ ఒక్కసారికి వదిలెయ్."

చిన్నరాయప్పకు జాలి వేసింది. కానీ వారం క్రితమే వేరే ఊరి నుంచి వచ్చి పనిలో చేరాడు, మాట పడటం ఇష్టం లేదు. కాపు కొన్న వ్యాపారి ఫణికి ఫోన్ చేసి సంగతి చెప్పాడు. ఫణి విసుక్కున్నాడు.

"నేను కొన్నది కాయలే కదరా! చేపలు ఆసామివి. నంబరు పంపిస్తున్నా, ఇవ్వాలో వద్దో ఆయన్నే అడుగు."

నారాయణరావు ముఖం పాలిపోయింది. "వద్దు బాబూ! కావాలంటే చేప నువ్వే ఉంచుకో. ఆయనకు మాత్రం చెయ్యొద్దు."

"ఏం, ఆసామి అంటే అంత భయమా?"

నారాయణరావు చెయ్యి మెల్లగా జేబు వైపు జరిగింది.

"చేతులు పైకెత్తు!" అని గద్దించి, చిన్నరాయప్ప నంబరు నొక్కి ఫోను చెవికి ఆనించుకున్నాడు.

నారాయణరావు జేబులో ఫోను మోగింది.