చెరో తల

పురుగును రెండు ముక్కలు చేస్తే రెండూ బతుకుతాయట. మరి అసలు ప్రాణం ఏ ముక్కది? కోడలు చదును పురుగుల మీద పరిశోధన మొదలుపెట్టినప్పటి నుంచీ మామగారిని తొలుస్తున్న అనుమానమిది. ఆ ఉదయం మాత్రం ఆయన అనుమానాన్ని పక్కనపెట్టి, గడియారాలు బాగుచేసే భూతద్దం కంటికి తగిలించి, దేవుడికో దణ్ణం పెట్టుకుని బ్లేడు తీశారు.

కోడలు వచ్చేసరికి పని అయిపోయింది.

"మామయ్యా! ఏం చేశారు?"

"విడదీశానమ్మా. ఆ చివరో తల, ఈ చివరో తల, చెరోవైపు గుంజుకుంటుంటే చూడలేకపోయాను. ఒక ఒరలో రెండు కత్తులు ఇముడుతాయా? ఇప్పుడు చెరో తల, చెరో ఒళ్లు. హాయిగా బతుకుతాయి."

"అది నా పీహెచ్‌డీ పట్టా, మామయ్యా!" ఆమె కూలబడింది. లాబ్‌లో ఏసీ పాడైందని పురుగున్న గిన్నెను ఇంటికి తేవడమే తప్పయింది. "'ఇక్కడ తోక మొలవాలి' అని ఒంటికి కబురు పంపే జన్యువొకటి ఉంది. మందు పెట్టి దాని నోరు నొక్కితే తోక చోట తల మొలిచింది. అన్నిట్లోకీ బతికి బట్టకట్టింది ఇదొక్కటే."

"మళ్లీ నొక్కు."

"ఇప్పుడు టైమెక్కడిది? ఆ మందు పవరు ఎప్పుడో పోయింది. ఇక బుద్ధిగా తోకలే వస్తాయి."

"వస్తే మంచిదేగా..." నవ్వబోయి, ఆమె కళ్లు చూసి ఆగారు. "ముక్కల్ని పారేయకమ్మా. ప్రాణం పోసినవాడికి దారి తెలీదా?"

ఏసీ బాగయ్యాక ఆమె గిన్నెను లాబ్‌కు పట్టుకెళ్లింది. ముక్కలేమయ్యాయో ఆయనకు తెలియలేదు.

పరీక్ష రోజున ఆయన వరండాలో బెంచీ మీద కూర్చున్నారు. లోపల పరీక్షకుడి గొంతు ఖంగుమంది. "ఫొటోలో రెండు తలలు చూశాం. అదేదో ఒక్కసారి పుట్టిన వింతేమో! మళ్లీ కోస్తే తోకే వస్తుందిగా?"

"మూత తీసి చూడండి సార్." కోడలి గొంతులో తడబాటు లేదు.

కుర్చీలు జరిగాయి. తర్వాత చప్పట్లు.

తలుపు తెరిచి ఆమె నవ్వుతూ వచ్చింది. "రండి మామయ్యా. మైక్రోస్కోపులో చూపిస్తానని పెళ్లయిన కొత్తలో మాటిచ్చాను. ఆ బాకీ తీర్చేస్తాను."

ఆయన వంగి, ఒక కన్ను మూసి చూశారు. రెండు పురుగులు, ఒక్కోదానికీ ఆ చివరో తల, ఈ చివరో తల.

"ఇద్దరి తగువు తీర్చబోయి నలుగుర్ని చేశానా తల్లీ!"