మూత మీద ఆవు

పుల్ల మైక్రోస్కోపులోంచి తల ఎత్తింది. సన్నగా ఉంటుందని ఆ రీసెర్చి అమ్మాయికి గైడు మేడం పెట్టిన పేరది.

గాజు పలక మీద టేప్‌వర్మ్, అదే బద్దె పురుగు ముక్క. ఆ పురుగు నరాల కణాలు కొన్ని కబుర్లు మోయడమే కాదు, హార్మోన్లు కూడా చిమ్ముతాయి. రంగేస్తే ఊదాగా మెరుస్తాయి. పుల్ల థీసిస్ వాటి మీదే. కానీ అవి గుంపుగా ఉండేది తలలో. మేడం సోమవారం సోమవారం తెచ్చేది ముక్కలే. శుక్రవారం గడువు.

ఎవరి కడుపులోదో సీసా మూత మీద రాయాలని రూలు. కబేళాలో దొరికిందంటూ మేడం 'ఆవు' అని రాసింది. పుల్ల ఇప్పుడే ముక్కలోని గర్భసంచి కొమ్మలు లెక్కపెట్టింది. పద్దెనిమిది. అన్ని కొమ్మలుండే జాతి పురుగు ఆవు కండలో చిన్న తిత్తిగా ఉంటుందంతే. మూరల కొద్దీ పెరిగేది మనిషి పేగులోనే. ఆ పాఠం చెప్పిందీ మేడమే.

ల్యాబులో ఉండేది ఇద్దరే. పురుగులతో పని కాబట్టి ఇద్దరూ సోమవారం మలం డబ్బాలు ఇవ్వాలి. మేడమే పరీక్షించి, 'ఏమీ లేదు' అని రిజిస్టర్లో రాస్తుంది. అంటే తన జబ్బు తనే దాచుకుంటోంది!

నెల్లాళ్ళుగా మేడం మొహం పీక్కుపోయింది. అన్నం సయించక బాక్సు పుల్లవైపు నెట్టేస్తోంది. టెన్షనొస్తే కొందరికి నిద్ర పట్టదు, పుల్లకి ఆకలి ఆగదు. రెండు బాక్సులూ ఊడ్చేస్తోంది. ఎంత తిన్నా పుల్ల పుల్లేనని జోకులేసే మేడం, ఈ మధ్య అదీ మానేసింది.

పుల్ల మేడం గదిలోకి వెళ్ళింది.

“అది ఆవుది కాదని తెలిసిపోయింది మేడం.”

మేడం పెన్ను కింద పెట్టింది.

“మందేస్తే ముక్కలు ఆగిపోతాయి. ఇంకెక్కడా దొరకట్లేదమ్మా. నీ థీసిస్ అయ్యేదాకా అని ఆగాను. తప్పే.”

“థీసిస్ ఏ గంగలోనైనా కలవనీండి. మాత్ర వేసుకుంటేగానీ నేనిక్కణ్ణించి కదలను.” పుల్ల కుర్చీ లాక్కుని కూర్చుంది.

“వేస్తే పురుగు తల కూడా బయటపడుతుందిలే,” అంది మేడం నెమ్మదిగా.

సొరుగులోంచి మాత్ర తీసింది. గ్లాసులో నీళ్ళు పోసింది. సగం బల్ల మీద ఒలికాయి.

“వేసుకో తల్లీ,” అంటూ రెండూ పుల్ల ముందు పెట్టింది.