మొదటి గ్లాసు

బకెట్టు అడుగున సన్నని కంతలు పొడిచి, పాత నేతచీరను నాలుగు మడతలు పరిచి, దాని మీద దంచిన బొగ్గు, ఆపైన కడిగిన ఇసుక వేసింది ఝాన్సీ. సముద్రం ఊళ్లను మింగాక హైవే పక్కన వెలిసిన గుడారాల్లో ఇలాంటి బకెట్టు లేని ఇల్లు లేదు. పైన కాలవ నీళ్లు పోస్తే కింద బిందెలోకి చుక్క చుక్కగా దిగుతాయి.

నీళ్లను పరీక్షించే కాగితాలు రావడం మానేసి ఏడాదయింది. అందుకే బొగ్గు మార్చినప్పుడల్లా ఇంట్లో ఒకరు ముందు తాగుతారు. పొద్దు వాలేదాకా వాళ్లకేమీ కాకపోతేనే మిగతావాళ్లు తాగాలి.

ఝాన్సీ ముంచిన గ్లాసును అత్త వజ్రమ్మ లాక్కుంది.

"ఈసారి నేను తాగుతానత్తా. పోయిన మూడుసార్లూ నువ్వేగా తాగింది."

"చంకలో పాలు తాగే పిల్లనెట్టుకుని ఏం మాటలే అయ్యి?"

వజ్రమ్మ గటగటా తాగేసి మూతి తుడుచుకుంది. "కాపురానికొచ్చిన కాణ్ణించి అందరూ తిన్నాక గిన్నె అడుగున మిగిలిందే తిన్నాను. ఇప్పుడు చూడు, అందరికంటే ముందు నాకే."

పొద్దు వాలింది. చాప మీద పడుకున్న వజ్రమ్మ ఎంత పిలిచినా లేవలేదు.

బిందెలో ఉన్న ఆ నీళ్లతోనే ఝాన్సీ అత్తకు ఆఖరి స్నానం చేయించింది. తర్వాత బొగ్గు పారబోసి, ఇసుక మళ్లీ కడగడానికి కూర్చుంది. ముందు తాగడానికి ఆ గుడారంలో ఇక తనూ, చంకలో పిల్లా మిగిలారు.