వెనక మెట్లు

తన అల్లుడు ఎదురు మేడ పై గదికి ఎక్కడం వెల్డింగ్ షాపాయన కళ్ళారా చూశాడు.

పైన ఉన్నది లైంగిక సమస్యల వైద్యురాలు. బోర్డు మీద మొదటి మాట చదివాక, ఆ వీధిలో చివరి మాట దాకా ఎవరూ చదవలేదు.

ఎక్కడానికి ముందు మెట్లు, దిగడానికి వెనక మెట్లు. వచ్చేవాళ్ళు ఒకరికొకరు ఎదురుపడి సిగ్గుపడకూడదని ఆమె ఏర్పాటు. ఆ ఇనుప మెట్లు అతికిందీ ఈయనే, దొంగదారి అని వీధంతా చాటిందీ ఈయనే.

కూతురు పుట్టింటికొచ్చి నాలుగు నెలలైంది. అల్లుడు తీసుకెళ్ళడు, కూతురు కారణం చెప్పదు. ఇదిగో, కారణం దొరికింది.

గంటసేపు చూశాడు. అల్లుడు దిగలేదు. తాను అతికిన వెనక మెట్లు ఆ కోపంలో గుర్తుకే రాలేదు.

ఇనుప కడ్డీ పట్టుకుని పైకెక్కి తలుపు తన్నాడు.

"మా అల్లుడేడీ?"

"ఇక్కడికి ఎవరొచ్చారో, ఎవరు రాలేదో నేను చెప్పనండీ."

"నా కూతురి కాపురం కూల్చి నాకే నీతులు చెప్తున్నావా?"

కడ్డీ ముందు అద్దం మీద పడింది. తర్వాత బల్ల మీద. ఫైళ్ళ బీరువా వైపు తిరిగేసరికి ఆమె అడ్డంగా నిలబడింది.

"పెద్దవారు, కూర్చోండి. మంచినీళ్ళిస్తాను. వీటి జోలికి మాత్రం రాకండి."

కడ్డీ దెబ్బకు ఆమె చెయ్యి విరిగింది. ఆ చప్పుడు ఆయనకూ వినిపించింది. ఆమె కదల్లేదు.

రెండో దెబ్బ తల మీద. మూడోది, సిగ్గులేని మనిషి ఈయన, ఆమె పడిపోయాక కొట్టాడు.

లోపలి గదిలో రెండు కుర్చీలు ఖాళీగా ఉన్నాయి.

పక్క షాపువాళ్ళు ఆమెను ఆసుపత్రికి మోసుకెళ్తుంటే ఆయన ఇంటిదారి పట్టాడు.

గుమ్మంలో అల్లుడు, చేతిలో కూతురి పెట్టె.

"మా ఇంటికి వెళ్తున్నా నాన్నా." కూతురు అలా నవ్వి ఎన్నాళ్ళయిందో. "మూడు నెలలుగా ఇద్దరం డాక్టరమ్మ దగ్గరికి వెళ్తున్నాం. నీకు చెప్పాలంటే సిగ్గేసింది. వెళ్ళినప్పుడల్లా నీ కంట పడకుండా వెనక నుంచే ఎక్కేవాళ్ళం. ఇవాళ ఆలస్యమైందని ఈయన ముందు నుంచి ఎక్కేశారు. ఇక రానక్కర్లేదందిలే. ఆ రక్తం ఏంటి నాన్నా?"

ఆయన ఆసుపత్రికి పరిగెత్తాడు. వార్డు ముందు హెడ్ కానిస్టేబుల్ కాగితం మడుస్తున్నాడు.

"నేనే కొట్టానండీ."

హెడ్ తలెత్తి చూశాడు.

"ప్రాణం పోయి పది నిమిషాలైంది. కొట్టిందెవరో చెప్పమ్మా అని ఎంత బతిమాలినా, 'మా పేషెంటు ఇంటి మనిషి, పేరు చెప్పకూడదు' అంటూనే కళ్ళు మూసిందయ్యా."